డబ్లిన్ నుంచి బెర్లిన్‌కి మూడు రోజులు

2023-24 సీజన్‌లో బేయర్ లెవర్‌కూసెన్ మొత్తం 53 మ్యాచ్‌లు ఆడింది. 43 గెలిచింది, 9 డ్రా చేసుకుంది, ఒక్కటి ఓడింది. జర్మనీ లీగ్ బుందెస్‌లీగాలో 34 మ్యాచ్‌లకీ ఓటమి అన్నదే లేదు. అంతకుముందు ఆ లీగ్‌లో ఏ జట్టూ ఆ పని చెయ్యలేదు, బయర్న్ మ్యూనిక్ కూడా. దానికి తోడు జర్మన్ కప్పు. ఆ సీజన్ ఊసెత్తితే చాలు, ఎవరైనా 51 మ్యాచ్‌లు ఓడకుండా ఆడిన సంగతే చెప్తారు. నన్నడిగితే ఆ ఒక్క ఓటమీ, దాని తర్వాత మూడు రోజులకు ఆడిన ఓ చప్పటి కప్పు ఫైనలూ ఆ 51 కంటే పెద్దవి అంటాను. ఆ ఫైనల్ హైలైట్స్ చూపించి ఎవరినీ ఫుట్‌బాల్ వైపు తిప్పలేం. ఒక గోల్, ఒక రెడ్ కార్డ్, మిగతాదంతా కాచుకోవడం. అయినా నా వాదన అదే. ఎందుకో చెప్పాలంటే 22 ఏళ్లు వెనక్కి పోవాలి.

2002 ఏప్రిల్ మధ్యలో లెవర్‌కూసెన్ మూడు పోటీల్లోనూ గట్టిగా నిలబడి ఉంది. లీగ్‌లో ఇంకా మూడు మ్యాచ్‌లే మిగిలాయి, రెండో స్థానంలో ఉన్న జట్టు కంటే 5 పాయింట్లు ముందుంది. కప్పులో ఫైనల్ చేరింది. యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో లివర్‌పూల్‌ని ఇంటికి పంపి సెమీస్‌లో మాంచెస్టర్ యునైటెడ్ కోసం చూస్తోంది. బల్లాక్, లూసియో, ష్నైడర్, కుర్రాడు బెర్బతోవ్. అప్పట్లో యూరప్‌లో చూడముచ్చటగా ఆడే జట్లలో అదొకటి. ఏప్రిల్ 20న సొంత మైదానంలో వెర్డర్ బ్రెమెన్ చేతిలో 2-1తో ఓడింది. వారం తిరిగేసరికి న్యూరెంబర్గ్‌లో 1-0తో ఓడింది. మే 4న ఆఖరి మ్యాచ్ గెలిచింది కానీ అప్పటికే చేయి దాటిపోయింది: డోర్ట్‌మండ్ 70, లెవర్‌కూసెన్ 69. మే 11న బెర్లిన్‌లో కప్పు ఫైనల్. తొలి గోల్ తనే కొట్టి, షాల్కె చేతిలో 4-2తో ఓడింది. మే 15న గ్లాస్గోలో రియల్ మాడ్రిడ్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 1-1గా ఉన్నప్పుడు, విరామానికి కాస్త ముందు, పైనుంచి దిగుతున్న బంతిని జిదాన్ ఎడమ కాలితో గాల్లోనే అందుకుని కొట్టాడు. ఇప్పటికీ ఏ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ముందైనా టీవీలో ఆ గోల్ వేస్తారు. తెరమీద అటు ఓడుతున్నది లెవర్‌కూసెన్ అని ఎంతమందికి గుర్తుంటుందో.

పదకొండు రోజుల్లో మూడు కప్పులు చేజారాయి. అది మొదటిసారి కూడా కాదు. 2000లో ఆఖరి రోజు డ్రా చేసుకున్నా లీగ్ వాళ్లదే. మ్యూనిక్ శివారులోని ఉంటర్‌హాఖింగ్ అనే చిన్న క్లబ్ చేతిలో 2-0తో ఓడారు. మొదటి గోల్ బల్లాక్ తన వలలోకి తనే కొట్టుకున్నది. పాయింట్లు సమానమై, గోల్స్ తేడాతో టైటిల్ బయర్న్‌కి పోయింది. అప్పట్నుంచి జర్మన్లు ఆ క్లబ్‌ని ‘విజెకూసెన్’ అని పిలవడం మొదలుపెట్టారు, ఎప్పుడూ రెండో స్థానమే అని. ఇంగ్లిష్ వాళ్లు ‘నెవర్‌కూసెన్’ అన్నారు. చివరికి 2010లో క్లబ్ వాళ్లే ఆ ‘విజెకూసెన్’ పేరుని ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించుకున్నారు. క్లబ్ వెనకున్న బేయర్ మందుల కంపెనీ కదా, వెక్కిరింతను కూడా రిజిస్టర్ చేసి దాచుకున్నారు.

కాబట్టి లెవర్‌కూసెన్ జబ్బు ఓడిపోవడం కాదు. ఒకసారి ఓడాక మళ్లీ లేవలేకపోవడం. బ్రెమెన్ చేతిలో ఓడితే న్యూరెంబర్గ్‌లోనూ ఓడటం, లీగ్ పోతే కప్పూ పోవడం. ఈ జబ్బు కుదిరిందా లేదా అన్నది జట్టు గెలుస్తున్నంతకాలం తెలీదు. ఓడినప్పుడే తెలుస్తుంది. 2024 మే 22 దాకా ఆ పరీక్ష రానేలేదు.

అక్కడికి వెళ్లేలోపు ఇంకో మాట తేల్చుకోవాలి. లెవర్‌కూసెన్ గెలిచినప్పుడు మనవాళ్లు చాలామంది దాన్ని పేదింటి పిల్లాడు ఐఏఎస్ కొట్టిన కథలా రాశారు. అది నిజం కాదు. ఊరు చిన్నదే. కొలోన్‌కీ డ్యూసెల్‌డార్ఫ్‌కీ మధ్య, రైన్ ఒడ్డున, మన ఒంగోలు కంటే చిన్న ఊరు. స్టేడియంలో 30,210 మంది పడతారు. కానీ వెనక ఉన్నది బేయర్. 1903లో ఆ ఫ్యాక్టరీ ఉద్యోగులు 170 మంది సంతకాలు పెట్టి, మాకో ఆటల క్లబ్ కావాలని యాజమాన్యానికి అర్జీ రాసుకున్నారు. మరుసటేడు క్లబ్ పుట్టింది. పేరులోని 04 అదే. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలని, డబ్బున్నవాడు వచ్చి కొనుక్కుపోకూడదని ఒక నియమం ఉంది. దశాబ్దాలుగా క్లబ్‌ని పోషిస్తున్నాయి కాబట్టి బేయర్‌కీ, వోల్ఫ్స్‌బర్గ్ వెనకున్న ఫోక్స్‌వ్యాగన్‌కీ ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. అందుకే మిగతా ఊళ్ల అభిమానులకు ఈ క్లబ్ అంటే చిన్నచూపు. ప్లాస్టిక్ క్లబ్ అంటారు, సంప్రదాయం లేదంటారు. 120 ఏళ్ల క్లబ్‌ని!

మా గుంటూరు వైపు బేయర్ అంటే ఫుట్‌బాల్ కాదు, మిర్చి చేలో రసం పీల్చే పురుగుకి కొట్టే కాన్ఫిడార్. మా బాబాయికి పురుగుమందుల కొట్టుంది. కౌంటర్ వెనక గోడమీద, ఎన్నో ఏళ్లుగా ఎండకి వెలిసిపోయిన ఒక రేకు బోర్డు: గుండ్రటి గీత లోపల ఆ పేరే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఫోన్‌లో జట్టు చొక్కా మీద అదే గుర్తు చూపిస్తే కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మందు డబ్బాల వాళ్లకి బంతాట ఎందుకురా?”

“నూటిరవై ఏళ్ల నుంచి వాళ్లే పోషిస్తున్నారు బాబాయ్.”

“జీతాలు సరిగ్గా ఇస్తారా?”

“ఇస్తారు.”

“ఇంకేం మరి. గెలవక ఏం చేస్తారు,” అని రసీదు పుస్తకం వైపు తిరిగాడు.

అంత తేలిక కాదు బాబాయ్ అందామనుకున్నాను. జీతాలు సరిగ్గా ఇచ్చే క్లబ్బులు జర్మనీలో చాలానే ఉన్నాయి, 2013 నుంచి వరసగా పదకొండేళ్లు బయర్నే గెలిచింది. కానీ ఆయన అడిగిన ప్రశ్న చిన్నది కాదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

2022 అక్టోబర్‌లో షాబీ అలొన్సో కోచ్‌గా వచ్చేనాటికి లెవర్‌కూసెన్ 8 మ్యాచ్‌లకు 5 పాయింట్లతో 17వ స్థానంలో ఉంది. పద్దెనిమిది జట్ల లీగ్‌లో. ఆటగాడిగా అలొన్సో గెలవనిది లేదు: ప్రపంచ కప్, రెండు వేర్వేరు క్లబ్బులతో ఛాంపియన్స్ లీగ్. పెద్దవాళ్ల జట్టుకి కోచ్‌గా మాత్రం రియల్ సొసియెదాద్ రెండో జట్టును నడిపించిన అనుభవమే. వయసు 40. ఆ సీజన్ చివరికి జట్టుని ఆరో స్థానానికి తెచ్చాడు, ఛాంపియన్స్ లీగ్ తర్వాతి పోటీ అయిన యూరోపా లీగ్‌లో సెమీస్‌కి తీసుకెళ్లాడు, అక్కడ మొరీన్యో నడిపే రోమా చేతిలో ఒక్క గోల్ తేడాతో ఆగిపోయాడు.

అసలు పని 2023 వేసవిలో జరిగింది. దీని మీద ఎవరూ పెద్దగా రాయరు, గోల్స్ ఉండవు కాబట్టి. వేగంగా పరిగెత్తే మూసా డియాబీని ఆస్టన్ విల్లాకి అమ్మేశారు. ఆ డబ్బుతో ఇంకో డియాబీని వెతకలేదు. ఆర్సెనల్ నుంచి గ్రానిట్ జాకాని తెచ్చారు. వయసు 30, కోపిష్టి అన్న పేరు, ఒకప్పుడు సొంత అభిమానులే ఈలలు వేసి బయటికి పంపిన మనిషి. మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ నుంచి 31 ఏళ్ల యోనాస్ హాఫ్‌మన్. బెన్ఫికాలో కాంట్రాక్టు అయిపోయిన అలెహాండ్రో గ్రిమాల్డో ఒక్క యూరో బదిలీ రుసుము లేకుండా వచ్చాడు. బెల్జియం నుంచి నైజీరియా స్ట్రైకర్ విక్టర్ బోనిఫేస్. బయర్న్‌లో బెంచీ మీద కూర్చునే యోసిప్ స్టానిషిచ్‌ని ఏడాదికి అప్పుగా అడిగితే బయర్న్ ఇచ్చేసింది. ఆ అప్పు వాళ్లకెంత ఖరీదైందో ఫిబ్రవరిలో తెలిసింది. 2024 ఫిబ్రవరి 10న బయర్న్‌ని 3-0తో కొట్టినప్పుడు మొదటి గోల్ స్టానిషిచ్‌దే.

చిన్న వయసు వాళ్లని కొని, పెంచి, అమ్మడమే అప్పటిదాకా లెవర్‌కూసెన్ వ్యాపారం. ఆ వేసవిలో మాత్రం ముప్పై దాటిన వాళ్లకు జీతాలిచ్చి తెచ్చుకున్నారు. వాళ్లని మళ్లీ అమ్మితే రూపాయి రాదు. ఆ లెక్క తెలిసీ తెచ్చారు. ఎందుకంటే జట్టులో అప్పటికే ఫ్లోరియాన్ విర్ట్జ్ ఉన్నాడు. ఇరవయ్యేళ్లవాడు, మోకాలి లిగమెంట్ తెగి 2022 ప్రపంచ కప్ పోగొట్టుకుని తిరిగొచ్చినవాడు. అతనికి బంతి ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన పెద్దవాళ్లు కావాలి. జాకా చేసింది అదే. మైదానం మధ్యలో నిలబడి, చెయ్యి చాచి, తొందరపడొద్దని సైగ చేస్తూ తొంభై నిమిషాలు ట్రాఫిక్ నడిపాడు. కుడివైపు ఫ్రింపాంగ్, ఎడమవైపు గ్రిమాల్డో పేరుకి వింగ్‌బ్యాక్‌లు, అంటే అంచుల్ని కాసే డిఫెండర్లు. కానీ ఒకరు వేసిన క్రాస్‌కి రెండోవాడు అవతలి పోస్టు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. గ్రిమాల్డో లీగ్‌లోనే 10 గోల్స్ కొట్టాడు. డిఫెండర్ అని రాసి ఉన్న మనిషి!

ఇక ఆఖరి నిమిషాల గోల్స్ సంగతి. లెవర్‌కూసెన్ అదృష్టం పండింది అనేవాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఇదే. జాబితా నిజంగానే పొడుగు. సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో 94వ నిమిషంలో పెనాల్టీతో 2-2. జనవరిలో ఆగ్స్‌బర్గ్‌లో 94వ నిమిషంలో పలాసియోస్, వారానికి లైప్‌జిగ్‌లో 91వ నిమిషంలో హింకాపీయే. మార్చి ఆఖర్లో హాఫెన్‌హైమ్ మీద 88వ నిమిషం దాకా 1-0 వెనకబడి ఉండి 2-1తో గెలుపు. టైటిల్ గెలిచేశాక కూడా ఆగలేదు. డోర్ట్‌మండ్ మీద 97లో స్టానిషిచ్, స్టట్‌గార్ట్ మీద 96లో ఆండ్రిష్. యూరోపా లీగ్‌లో అజర్‌బైజాన్ జట్టు కరాబాగ్ మీద 2-0 వెనకబడి 3-2తో గెలుపు, పాట్రిక్ షిక్ 93లో ఒకటి, 97లో ఇంకొకటి. ఆ రాత్రి నేను 2-0 కాగానే టీవీ కట్టేసి పడుకున్నాను, పొద్దున స్కోరు చూసి తిట్టుకున్నాను.

ఇందులో అదృష్టం పాలు అసలు లేదని నేననను. కరాబాగ్ అప్పటికి పదిమందితో ఆడుతోంది. రిఫరీ 97వ నిమిషం దాకా ఆడించాడు, ఇంకో రోజైతే 94కే ఆపేవాడు. కానీ ఆ గోల్స్ వచ్చిన తీరు చూడండి. వెనకబడిన జట్టు ఆఖరి పది నిమిషాల్లో మామూలుగా ఏం చేస్తుంది? పొడుగాటి డిఫెండర్‌ని ముందుకు పంపి, బంతిని ఎత్తి పెనాల్టీ బాక్సులో పడేసి దేవుడి మీద భారం వేస్తుంది. ఎత్తయిన డిఫెండర్ లెవర్‌కూసెన్‌కీ ఉన్నాడు, ముందుకీ వచ్చేవాడు. కానీ మిగతావాళ్లు 20వ నిమిషంలో ఎలా పాస్ ఇచ్చారో 92లోనూ అలాగే ఇచ్చేవాళ్లు. ఎడమ, మధ్య, కుడి, మళ్లీ మధ్య. బంతి వెంట గంటన్నర తిరిగిన కాళ్లు 90 దాటాక ఒక అడుగు ఆలస్యమవుతాయి. ఆ ఒక్క అడుగు కోసమే వాళ్లు అంతసేపూ తిప్పింది. పైగా బెంచీ మీద షిక్ లాంటి స్ట్రైకర్, హాఫ్‌మన్ లాంటి తెలివైనవాడు, ఐదుగురిని మార్చుకునే వీలు. ఒకసారి జరిగితే అదృష్టం అనొచ్చు. సెప్టెంబర్ నుంచి మే దాకా జరిగితే దాన్ని అలవాటు అనాలి.

జనవరిలో ఆఫ్రికా కప్పుకని టాప్సోబా, కొసోను, ఆడ్లీ వెళ్లిపోయారు. బోనిఫేస్ అక్కడికి చేరకముందే గాయపడి నెలలపాటు మూలన కూర్చున్నాడు. జట్టు కుంటుతుందని అందరూ అనుకున్నది అప్పుడే. పైన చెప్పిన ఆగ్స్‌బర్గ్, లైప్‌జిగ్ గోల్స్ ఆ రోజులవే.

ఏప్రిల్ 14 ఆదివారం, మనకి రాత్రి 9 గంటలకి, బ్రెమెన్‌తో మ్యాచ్. 2002లో పతనం మొదలైంది ఇదే జట్టుతో, ఇదే మైదానంలో, దాదాపు ఇవే రోజుల్లో. గెలిస్తే ఐదు మ్యాచ్‌లు మిగిలుండగానే టైటిల్. బోనిఫేస్ పెనాల్టీ, జాకా దూరం నుంచి ఒకటి, తర్వాత విర్ట్జ్ హ్యాట్రిక్. 5-0. విర్ట్జ్ మూడోది కొట్టగానే జనం కంచెలు దూకి మైదానం నిండా పరుచుకున్నారు. అంతకుముందు వాళ్ల బీరువాలో ఉన్నవి రెండే: 1988 యుయెఫా కప్పు, 1993 జర్మన్ కప్పు. 1904 నుంచి లీగ్ టైటిల్ అనేది వాళ్లకి తెలీదు. మర్నాడు ఆఫీసులో ఈ సంగతి చెప్పే అవకాశం నాకు సాయంత్రం దాకానే దక్కింది. ఆ రాత్రి బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొట్టింది, ఇక హైదరాబాద్‌లో లెవర్‌కూసెన్ గురించి వినే నాథుడే లేడు.

లీగ్ 90 పాయింట్లతో ముగిసింది. 28 గెలుపులు, 6 డ్రాలు, 89 గోల్స్ కొట్టి 24 ఇచ్చారు. రెండోది స్టట్‌గార్ట్, 73. బయర్న్ 72తో మూడోది, హ్యారీ కేన్ 36 గోల్స్ కొట్టినా.

మే 22, డబ్లిన్. యూరోపా లీగ్ ఫైనల్, ఇటలీ జట్టు అటలాంటాతో. అలొన్సో అసలైన స్ట్రైకర్ లేకుండా మొదలుపెట్టాడు, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అటలాంటా కోచ్ గాస్పెరీని మనిషికి మనిషిని కాపలా పెట్టాడు. జాకా ఎటు తిరిగితే అటు ఒకడు, విర్ట్జ్ వీపుకి అంటుకుని ఇంకొకడు. నేను పైన పొగిడిన ఆ ఎడమ-మధ్య-కుడి తిప్పుడు సాగనే లేదు. తిప్పడానికి ఖాళీ మనిషి దొరికితే కదా. అటలాంటా ఆటగాడు లుక్‌మన్ 12లో కొట్టాడు, 26లో కొట్టాడు, 75లో కొట్టాడు. ఈసారి 97వ నిమిషం ఎవరినీ కాపాడలేదు. 3-0. ఆ సీజన్‌లో ఓడకుండా ఆడిన 51 మ్యాచ్‌ల పరంపర అక్కడితో ఆగింది. 1960లలో బెన్ఫికా ఆడిన 48 మ్యాచ్‌ల రికార్డుని వాళ్లు అప్పటికే దాటేశారు. కానీ ఆ రాత్రి డబ్లిన్‌లో వాళ్ల ముఖాలు చూస్తే ఆ రికార్డు ఎవరికీ పట్టినట్టు లేదు.

ఓడిన తీరు కూడా చూడాలి. ఆఖరి నిమిషంలో జారిపోవడం కాదు, ఉతికి ఆరేయడం. 2002 బ్రెమెన్ ఓటమి కంటే ఇది పెద్ద దెబ్బ. మూడు రోజుల్లో బెర్లిన్‌లో కప్పు ఫైనల్. అదే బెర్లిన్, షాల్కె నాలుగు కొట్టిన అదే ఒలింపిక్ స్టేడియం.

ఎదురుగా కైజర్స్‌లాటర్న్. రెండో డివిజన్‌లో 13వ స్థానంలో సీజన్ ముగించిన జట్టు, మూడో డివిజన్‌కి జారకుండా తంటాలు పడి బయటపడ్డది. జర్మనీలో తటస్థంగా ఉన్నవాళ్లలో సగానికి సగం ఆ రోజు వాళ్లవైపే ఉండి ఉంటారు. కారణం ఉంది. నాలుగుసార్లు దేశ ఛాంపియన్. 1998లో రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన ఏడాదే లీగ్ గెలిచిన ఏకైక జట్టు. 2020లో దివాలా పిటిషన్ దాకా పోయి బతికింది. కంపెనీ డబ్బు లేదు, కొండమీద లెవర్‌కూసెన్ కంటే పెద్ద స్టేడియం ఉంది. సంప్రదాయం అని జర్మన్లు దేన్నంటారో అది పోతపోస్తే ఈ క్లబ్ అవుతుంది. ఈ రెండింటికీ పాత లెక్క ఒకటి ఉంది. 1996లో ఆఖరి రోజు లెవర్‌కూసెన్‌లో ఈ రెండు జట్లూ తలపడ్డాయి, ఓడినవాళ్లు కిందికి పోతారు. 1-1 డ్రా అయింది, లెవర్‌కూసెన్ మిగిలింది, కైజర్స్‌లాటర్న్ మొదటిసారి కిందికి పోయింది. 1990లో జర్మనీకి ప్రపంచ కప్ గెలిపించిన పెనాల్టీ కొట్టిన బ్రెహ్మె, అదే జట్టు సహచరుడు రూడీ ఫెల్లర్ భుజంమీద తలపెట్టి ఏడ్చాడు. ఫెల్లర్ ఒంటిమీద ఉన్నది లెవర్‌కూసెన్ చొక్కా.

కప్పు దారి తేలికైందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. లెవర్‌కూసెన్ ఆ కప్పులో ఎదుర్కొన్న మొదటి డివిజన్ జట్టు స్టట్‌గార్ట్ ఒక్కటే. ఆ క్వార్టర్ ఫైనల్లో రెండుసార్లు వెనకబడి, 90వ నిమిషంలో యోనాతన్ టా తలతో కొట్టిన గోల్‌తో 3-2. బయర్న్‌ని అప్పటికే మూడో డివిజన్ జట్టు సార్‌బ్రుకెన్ ఇంటికి పంపింది. సరే. దారి తేలికైనప్పుడు ఓడితే అవమానం రెట్టింపు, ఆ ఒత్తిడి వేరు.

మన టైమ్ రాత్రి 11:30. 17వ నిమిషంలో జాకా దాదాపు పాతిక గజాల నుంచి ఎడమ కాలితో కొట్టాడు. బంతి వంపు తిరిగి పై మూలలోకి పోయింది, గోలీ గాల్లోకి లేచాడుగానీ లాభం లేదు. ఇక గోల్స్ వరద అనుకున్నాను. 44వ నిమిషంలో కొసోను రెండో ఎల్లో కార్డ్ తిని బయటికి పోయాడు. సగం మ్యాచ్, పదిమంది, ఒక్క గోల్ ఆధిక్యం, కాళ్లలో డబ్లిన్ అలసట, తలలో డబ్లిన్ స్కోరు. 2002 జట్టు ఇక్కడ కూలిపోయేది. ఈ మాట మీద నేను పందెం కాస్తాను.

రెండో సగంలో లెవర్‌కూసెన్ ఆట చూస్తే అది సీజనంతా చూసిన జట్టేనా అనిపించింది. అందం పోయింది. విర్ట్జ్ తన పెనాల్టీ బాక్సు అంచుదాకా దిగొచ్చి అడ్డం నిలబడ్డాడు. జాకా త్రో-ఇన్ దగ్గర కూడా నడిచి వెళ్లాడు, పరిగెత్తలేదు. బంతి దొరికితే నలుగురు నాలుగు పాసులిచ్చి అర నిమిషం తినేవాళ్లు, తర్వాత మళ్లీ కాపలా. ఆ జట్టు తనకు తెలిసిన ఆట మానేసి, తెలియని ఆట ఆడి, దాంట్లోనూ గెలిచింది. ఏడాదంతా ఆఖరి నిమిషాల్లో గోల్స్ కొట్టినవాళ్లు ఆ రాత్రి ఆఖరి నిమిషాల్లో గోల్ ఇవ్వకుండా కూర్చున్నారు. 1-0. లీగ్, కప్పు రెండూ. డబ్లిన్‌లో గెలిచి 53 మ్యాచ్‌లూ ఓడకుండా ముగించి ఉంటే అది ఎవరూ కొట్టలేని రికార్డయ్యేది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ‘వీళ్లు ఓడితే ఏమవుతుంది’ అన్న పాత ప్రశ్న జవాబు లేకుండానే మిగిలేది. (మర్నాడు చెపాక్‌లో, ఆ సీజన్‌లో పరుగుల వరద పారించిన సన్‌రైజర్స్ ఐపీఎల్ ఫైనల్లో 113కే ఆలౌట్ అయింది. అందుకే కాచుకోవడం తెలిసిన జట్లంటే నాకు గౌరవం పెరిగిపోతోంది.)

ఇప్పుడు బాబాయి ప్రశ్న: జీతాలు సరిగ్గా ఇస్తారా?

అదే 2023-24లో, హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. లెవర్‌కూసెన్ తన లీగ్‌లో ఒక్కటీ ఓడని ఏడాదిలో మన జట్టు ఒక్కటే గెలిచింది. రెండేళ్ల ముందు, 2022 మార్చి 20న గోవాలో, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కేరళ బ్లాస్టర్స్ మీద కప్పు తెచ్చిన జట్టే ఇది. మరుసటేడు లీగ్‌లో రెండో స్థానం. ఆట తెలియక పడిపోలేదు. కోచ్ మానొలో మార్కెజ్ వెళ్లిపోయాడు, జీతాల బకాయిలు పేరుకున్నాయి, ఫిఫా బదిలీ నిషేధం వచ్చింది, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు, మిగిలిన కుర్రాళ్లు వారం వారం ఓడారు. 2025లో ఆ క్లబ్ పేరు కూడా మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

అందుకే కంపెనీ జట్టు అన్న వెక్కిరింత నాకు ఎక్కదు. మన హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి స్వర్ణయుగం అంటూ ఉంటే అది డిపార్ట్‌మెంటు జట్టుదే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ రహీం సాబ్ టీచరు ఉద్యోగం నుంచి వచ్చినవాడు, ఆటగాళ్లు పోలీసు కొలువులో ఉన్నవాళ్లు. ఒకటో తారీఖు జీతం పడుతుందన్న ధీమాతో ఆడారు. అదే రహీం సాబ్ శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఏషియాడ్‌లో బంగారం గెలిచింది. ఆ జట్టుకి సంప్రదాయం లేదని అనగలరా ఎవరైనా? సంప్రదాయం అన్నది చందాలు కట్టే సభ్యుల దగ్గరే పుట్టాలని రూలేం లేదు. పోలీసు లైన్లలో పుట్టింది, బేయర్ ఫ్యాక్టరీ గేటు దగ్గరా పుట్టింది.

జీతం ఒక్కటే చాలదని కూడా లెవర్‌కూసెనే చూపించింది. 1993 నుంచి 2024 దాకా ముప్పై ఏళ్లు పైగా జీతాలు ఠంచనుగా పడ్డాయి, కప్పు ఒక్కటీ రాలేదు. జాకా లాంటివాణ్ని తేవాలన్న తెగువ, గ్రిమాల్డో కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో రాసిపెట్టుకునే ఓపిక, 17వ స్థానంలో జట్టుని అందుకున్న కోచ్‌కి మొదటి వేసవిలో అడిగిన మనుషుల్ని ఇవ్వడం, ఇవన్నీ కుదరాలి. కుదిరిన ఏడాది ఒకటే.

తర్వాతి ఏడాది 69 పాయింట్లతో రెండో స్థానం. 2002లో వచ్చినవీ సరిగ్గా 69 పాయింట్లే, స్థానమూ అదే. 2025 వేసవిలో అలొన్సో రియల్ మాడ్రిడ్‌కి, విర్ట్జ్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కి, టా బయర్న్‌కి, జాకా సండర్లాండ్‌కి. కొత్త కోచ్‌గా ఎరిక్ టెన్ హాగ్‌ని తెచ్చారు. లీగ్‌లో మొదటి మ్యాచ్ హాఫెన్‌హైమ్ చేతిలో ఓటమి, రెండోది బ్రెమెన్‌లో. 3-1తో ముందుండి, ఎదుటివాళ్లు పదిమందే మిగిలినా, 94వ నిమిషంలో గోల్ ఇచ్చి 3-3. రెండు రోజులకి టెన్ హాగ్‌ని తీసేశారు. బుందెస్‌లీగాలో సీజన్ మొదలయ్యాక అంత త్వరగా ఏ కోచ్‌నీ తీసేయలేదు. యాజమాన్యం ఓపిక గురించి నేను ఇంత రాశాక ఎవరైనా ఈ ఒక్క ముక్క తెచ్చి నా ముందు పెడితే, వాళ్లతో వాదనకి దిగను.